నిమ్మచెట్టు మొదట్లో బంక

నాబెల్
2 ఫిబ్రవరి 1986

అమ్మా దలెండా,

సలాం. బేజాలో మంచు పడిందని రేడియోలో చెప్పారు. గదిలో పొయ్యి పెట్టించుకున్నావా? గోధుమల తెగుళ్లు చూస్తూ చూస్తూ నువ్వే ఏదో ఒకటి తెచ్చుకోకు.

అసలు సంగతికి వస్తాను. మీ అమ్మ నిమ్మచెట్టు ఏడుస్తోంది. మొదట్లో, గోడ వైపు, బెరడు నల్లబడి అక్కడక్కడా చీలింది. చీలికల్లోంచి తేనెరంగు బంక కారి గడ్డకడుతోంది. పైన ఆ వైపు కొమ్మల ఆకులు పచ్చదనం పోయి రాలుతున్నాయి. పద్నాలుగేళ్ల పిల్లగా బహిజా తన చేత్తో అంటుకట్టిన చెట్టు. నా చెల్లెలు పోయి పదకొండేళ్లయింది, నాకు మిగిలింది ఈ చెట్టూ, నువ్వూ.

ఎందుకిలా అయిందో నాకు తెలుసు. నీ నాన్న గత శరదృతువులో మా రెండిళ్ల మధ్య గోడకు ఆనించి బట్టలుతికే అరుగు కట్టించాడు. ఆయన చేసుకొచ్చిన ఆ కొత్త ఆవిడ రోజూ అక్కడ సబ్బునీళ్లు, బట్టలు తెల్లబడే ఆ ఘాటు నీళ్లు పారబోస్తుంది. గోడకు ఇవతల నా చెట్టు. ఇంక చెప్పేదేముంది?

బెరడు ముక్క ఒకటి గుడ్డలో చుట్టి పంపుతున్నాను. నువ్వు చేయాల్సిన పని ఒక్కటే. ‘పారబోసిన నీళ్ల వల్లే ఈ చెట్టు పాడైంది’ అని మీ ప్రయోగశాల కాగితం మీద రాసి ముద్ర వేసి పంపు. దాన్ని పురపాలక కార్యాలయంలో ఇస్తాను. ఏం జబ్బో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. యాభై ఏళ్లుగా చేదు నారింజ పూలు కోసి, బట్టీ పెట్టి పన్నీరు దించుతున్నవాణ్ణి. నాకు కావలసింది ముద్ర.

నీ మామయ్య
తిజానీ

*

బేజా
11 ఫిబ్రవరి 1986

మామయ్యా,

సలాం. పొయ్యి పెట్టించుకున్నాను, దిగులు పడకండి. మీరు పంపిన బెరడు దారిలో ఎండి బిస్కెట్టులా తయారైంది. పోస్టుమాన్ వాసన చూసి “తినేదా అమ్మాయీ?” అని అడిగాడు.

ముద్ర వేయడం నా చేతిలో పనే. కానీ ఎండిపోయిన ముక్క చూసి ఏమీ చెప్పలేను. చెప్పానంటే అది అబద్ధం. పైగా నేను గోధుమల మనిషిని. నిమ్మజాతి చెట్ల గురించి చదివి ఆరేళ్లయింది. అందుకని కొన్ని అడుగుతాను, విసుక్కోకుండా చూసి రాయండి.

ఆకుల అంచులు కాలిన కాగితంలా మాడిపోయాయా, లేక ఆకంతా పాలిపోయి ఈనెలు మాత్రం పసుపుగా ఉన్నాయా? అంచులు మాడితే ఉప్పో మందునీళ్లో అనుకోవచ్చు. నల్లబడ్డ చోట చిన్న కత్తితో బెరడు లేపి చూడండి. లోపల తెల్లటి ఉన్ని పొరలాంటిది ఉందా? మొదట్లో పుట్టగొడుగులు లేచాయా? అవి ఉంటే వేళ్లను తినే బూజు, అది వేరే కథ. లోపల తడిగా గోధుమరంగులో ఉంటే ఎలాంటి వాసన వస్తోంది? చెట్టుకు నీళ్లు ఎవరు పెడతారు, ఎన్నాళ్లకోసారి? అంటు కట్టిన చోటు నేలకు ఎంత ఎత్తులో ఉంది?

అరుగు నీళ్లు ఎటు పోతున్నాయని నాన్నకు కూడా జాబు రాసి అడిగాను.

నా జవాబు వచ్చేదాకా పురపాలక కార్యాలయం మెట్లెక్కకండి. మీకు పుణ్యం ఉంటుంది.

మీ దలెండా

*

నాబెల్
18 ఫిబ్రవరి 1986

దలెండా,

నువ్వు నాన్నకు రాశావు. ఆ జాబు వచ్చిన రోజే ఆయన గోడ మీంచి తల పెట్టి అరిచాడు. “బావా! మా ఇంటి మురికినీళ్ల లెక్క బేజా దాకా రాస్తున్నావటగా? నన్నే అడగొచ్చుగా, పక్కనే చచ్చానుగా!”

“నువ్వు చచ్చావనే అడగలేదు!” అన్నాను. అనకూడదు, తెలుసు. నోట్లోంచి వచ్చేసింది.

ఆ సాయంత్రం కాఫీ దుకాణంలో, ఆయన నా చెట్టుకు విషం పోశాడని నలుగురికీ చెప్పాను. దాని మీద మర్నాడు ఆయన అక్కడే, అదే నలుగురి ముందూ, “ఈ గోడ రెండు నిలువుల ఎత్తు లేపుతా, తిజానీ మొహం నాకు కనబడకూడదు” అన్నాడట. ఊరికే అన్నాడనుకున్నాను. నిన్న ఇటుకలు దిగాయి. గోడ అంత ఎత్తు లేస్తే చెట్టుకు పొద్దున్నపూట ఎండే ఉండదు. విషంతో చంపలేనిది చీకట్లో పెట్టి చంపుతాడన్నమాట.

నీ ప్రశ్నలన్నీ చదివాను. అందులో ‘నీళ్లు ఎవరు పెడతారు’ అన్నది బాగా గుచ్చుకుంది. ఎవరు పెడతారమ్మా, నేనే! కన్నబిడ్డకు పాలు పట్టినట్టు పెడతాను. అయినా చూసి రాస్తున్నాను, నువ్వు అడిగావు కాబట్టి. ఆకుల అంచులు మాడలేదు, ఈనెలే పసుపు. తెల్లపొర లేదు. పుట్టగొడుగులు లేవు. బెరడు లోపల తడి, గోధుమరంగు, పాతబడ్డ ఆలివ్ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన. అంటు కట్టిన చోటు కనబడలేదు. మీ అమ్మ కట్టినప్పుడు నా పిక్క సగం ఎత్తులో ఉండేది. చెట్టు లావెక్కుతూ మింగేసి ఉంటుంది.

ఇప్పుడైనా ముద్ర పంపుతావా?

తిజానీ

*

బేజా
26 ఫిబ్రవరి 1986

మామయ్యా,

నాన్నకు రాయడం నా తొందరపాటే. మీకు ముందు చెప్పాల్సింది.

ఒక్క మాట చెప్పనివ్వండి. నాలుగేళ్ల కిందట నాన్న వసీలాను పెళ్లి చేసుకుని ఇంటికి తెచ్చినప్పుడు, ఆమె చేసిన కూస్‌కూస్ నేను ఆరునెలలు ముట్టలేదు. వచ్చిన ప్రతిసారీ మీ ఇంటికొచ్చి తిన్నాను. మీరూ ‘తిను తల్లీ’ అని పెట్టారు, ఎందుకొచ్చావని అడగలేదు. కాబట్టి నేను ఎవరి పక్షమో అని మీరు అనుమానించకండి. నాకే సరిగా తెలియదు.

ఇప్పుడు మీరు రాసింది చదివాక నాకొక అనుమానం ఉంది. దాన్ని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు, మీ వంటిల్లు చాలు. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదాంట్లో నిమ్మచెట్టు మొదట్లో తడిమన్ను గుప్పెడు, ఇంకోదాంట్లో బావి దగ్గరి చేదు నారింజ కిందది, మూడోదాంట్లో గోడకు అవతల, అరుగు పక్క మన్ను. మన్ను మునిగేలా నీళ్లు పోసి, ఒక్కో గిన్నెలో మచ్చలేని నిమ్మకాయ ఒకటి వేయండి. తేలుతుంది. నీడలో ఐదారు రోజులు ఉంచండి. మన్నులో నేననుకున్న బూజు ఉంటే అది కాయకు పట్టుకుంటుంది. తొక్క మీద గట్టిగా, తోలులాంటి గోధుమరంగు మచ్చ లేస్తుంది, ఘాటు వాసనొస్తుంది. వేరే కుళ్లయితే మెత్తబడి పచ్చటి పొడి పడుతుంది. తేడా మీకు తెలిసిపోతుంది. సబ్బునీళ్ల వల్లయితే కాయకు మచ్చే రాదు.

మూడో గిన్నె మన్ను కోసం నాన్నను అడగాలి. ఈసారి నేను రాయను. మీరే అడగండి.

మీ దలెండా

*

నాబెల్
9 మార్చి 1986

దలెండా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ నాన్నను మాత్రం అడగలేదు. పెద్ద గరిటె ఒకటి వెదురుకర్రకు కట్టి, నిచ్చెనెక్కి, గోడ మీంచి అవతలి మన్ను తోడబోయాను. అరవై నాలుగేళ్ల మనిషిని, గోడ మీద బోర్లా పడుకుని! గరిటె ఊడి టంగుమని అరుగు మీద పడింది. ఆవిడ బయటికొచ్చింది. గరిటె వంకా నా వంకా చూసింది.

“పప్పు కావాలా అన్నగారూ?” అంది.

“మన్ను” అన్నాను. ఇంకేం చెప్పను?

ఎందుకని కూడా అడగలేదు. లోపలికెళ్లి గిన్నె తెచ్చి, నేను చూపించిన చోట తవ్వి, కర్ర చివర గరిటె మళ్లీ కట్టి అందించింది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆరు రోజులైంది. అవతలి మన్ను గిన్నెలో కాయ పసుపుగానే ఉంది. బావి దగ్గరిదీ అంతే. మన చెట్టు గిన్నెలో కాయ మాత్రం సగం దాకా గోధుమరంగు. తోలులాగే ఉంది, నువ్వు రాసిన వాసనే.

అయితే ఏమంటావు? జబ్బు నా దొడ్లోదే, నా మన్నుదే, నీ నాన్న కడిగిన ముత్యం, అంతేనా? ఆవిడ ఆ గిన్నెకు ఏ మందో పూసి తెచ్చిందేమో ఎవరికి తెలుసు? గిన్నె తేవడానికి లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. మీ ముగ్గురూ ముందే మాట్లాడుకుని ఈ గిన్నెల ఆట పెట్టారేమో. యాభై ఏళ్లు చెట్ల మధ్య బతికినవాడికి నిమ్మకాయలతో పాఠం!

ఇక దీని గురించి రాయకు. పూలకోత అయ్యాక చెట్టు నరికించేస్తాను. ఎవరి గోడ వాళ్లు ఎంతైనా లేపుకోవచ్చు.

తిజానీ

*

బేజా
14 మార్చి 1986

మామయ్యా,

రాయకు అన్నారు. రాస్తున్నాను. ఇది చదివాక చించి బట్టీలో వేసినా సరే, పూర్తిగా చదివి చించండి.

ఆ బూజు తడి మన్నులో బతుకుతుంది. చేదు నారింజ వేరు దానికి లొంగదు, నిమ్మ బెరడు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. అందుకే పూర్వంనుంచీ చేదు నారింజ మొదలు మీద నిమ్మను అంటుకడతారు. కింద గట్టి చెట్టు, పైన నిమ్మ. ఆ అతుకు నేలకు జానెడు ఎత్తున ఎప్పుడూ గాలికి ఆరుతూ ఉండాలి. మన్ను పైకి లేచి అతుకును కప్పేసిందంటే నిమ్మ బెరడు తడిమన్నులో నానుతుంది. అప్పుడు బూజుకు దారి దొరికినట్టే.

చెట్టు అతుకును మింగేసిందని రాశారు. చెట్టు మింగదు మామయ్యా. మన్నే లేచింది.

ఎలా లేచిందో నాకు మీ రెండో జాబు చదివినప్పుడే తెలిసింది. ఏటా అమ్మ పోయిన రోజున మీరు ఆ చెట్టు మొదట్లో రెండు గంపల పెంట, కొత్తమన్ను పోసి, చేతులతో అదిమి, నీళ్లు పెడతారు. చిన్నప్పుడు మీతో పాటు నేనూ అదిమాను. అది మీ ముఖం మీద చెప్పలేక గిన్నెలూ నిమ్మకాయలూ అంటూ తిప్పాను. గిన్నెల్లో ఉన్నది నిజమే. కానీ వాటి వెనక దాక్కున్నది నేను. మీకు బాధ కలగకూడదని చూసుకుంటూ, ఈలోపు నాన్న ఊరందరి ముందూ విషం పోసినవాడవుతుంటే ఊరుకున్నాను. తప్పు నాది. ఇందులో నాన్నకూ వసీలాకూ ఏమీ తెలియదు.

నరికేముందు ఒక్కసారి తవ్వండి. పార వద్దు, చేతులతో. అతుకు కనబడేదాకా మన్ను తీసేయండి. కుళ్లిన బెరడంతా, పక్కన మంచి బెరడు వేలెడు కనబడేదాకా చెక్కేయండి. నాలుగు రోజులు ఆరనిచ్చి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయండి. కుళ్లు మొదలు చుట్టూ ఎంతవరకు పాకిందో చూసి రాయండి. సగం లోపైతే భయం లేదు.

మీ మీద కోపంతో కాదు, మీరంటే ప్రాణం కాబట్టి రాస్తున్నాను.

దలెండా

*

నాబెల్
24 మార్చి 1986

దలెండా తల్లీ,

నీ జాబు చించలేదు. మూడు రోజులు కోటు జేబులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు పొద్దున్నే చెట్టు ముందు కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను.

మొదటి బెత్తెడు మెత్తగా వచ్చింది. నిరుడు పోసింది కదా. తర్వాత గట్టి పొర, మళ్లీ మెత్తన, మళ్లీ గట్టిది. ఒక్కో ఏడాదే తవ్వుతున్నట్టుంది. జానెడు మీద నాలుగు వేళ్ల లోతులో అతుకు తగిలింది. వేలితో తడిమితే చాలు, తెలిసిపోయింది. కింద గరుకు, పైన నున్నన, మధ్యలో అంచు. బహిజా రాఫియా నారతో కట్టిన గుర్తు ఇంకా ఉంది. అతుకు కింద చేదు నారింజ బెరడు గట్టిగా, శుభ్రంగా ఉంది. అతుకుకు పైన, నేను పదకొండేళ్లు పోసిన మన్నులో మునిగినదంతా కుళ్లు.

అక్కడే కూర్చుండిపోయాను. ఏడ్చానని రాయడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

చప్పుడు విని నీ నాన్న తన ఇటుకల గుట్టెక్కి తొంగిచూశాడు.

“నరుకుతున్నావా బావా?”

“తవ్వుతున్నాను.”

“ఏం దొరికింది?”

“నేనే దొరికాను ఫర్హాత్. చెట్టును చంపినవాణ్ణి.”

ఆయన గుట్ట దిగాడు. వీధి వైపు నుంచి తిరిగి వచ్చి, తలుపు తట్టకుండానే లోపలికొచ్చి, నా పక్కన మన్నులో కూర్చున్నాడు. నాలుగేళ్ల తర్వాత నా ఇంటి గడప తొక్కాడు. నీ జాబు ఇచ్చాను. కంట్లో పొర కమ్ముతోందిగా, కాగితం ముక్కుకు ఆనించుకుని చదివాడు. చదివి, “నేనూ చూశాను బావా, ఏటా నువ్వు పోయడం. గోడ మీంచి చూసేవాణ్ణి. నాకు రావాలనిపించేది. ఏ మొహంతో రాను?” అన్నాడు.

కాఫీ దుకాణంలో నేను అన్నవన్నీ తప్పని అదే నలుగురి ముందు చెబుతానన్నాను. “చెప్పు, తప్పకుండా చెప్పు, నేనూ వచ్చి వింటాను” అన్నాడు. వదిలిపెట్టే మనిషి కాదు. మర్నాడు చెప్పాను. దగ్గరుండి విన్నాడు.

తీసిన మన్ను మళ్లీ జారకుండా మొదలు చుట్టూ ఆయన ఇటుకలతోనే గుండ్రంగా వరుస పేర్చాం. కుళ్లు చెక్కేశాం. చెక్కేకొద్దీ పోతూనే ఉంది తల్లీ. సగం దాటింది. చుట్టుకొలతలో మూడో వంతు బెరడే మిగిలింది. కింద చేదు నారింజ నుంచి పిలకొకటి లేస్తోంది. ఆకు కాడకు చిన్న రెక్క ఉంది, అందుకే అది కింది చెట్టుదని గుర్తుపట్టాను. వేరు బతికే ఉంది, పైన కొమ్మా ఇంకా బతికే ఉంది. మధ్యలో దారి మూసుకుపోయింది. ఇప్పుడేం చేయాలి?

నిన్ను అనకూడని మాటలన్నాను. ముసలివాణ్ణి, మర్చిపో.

నీ మామయ్య
తిజానీ

*

బేజా
29 మార్చి 1986

మామయ్యా,

పొలాల దారి మీద వ్యానులో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి. మూడు క్షేత్రాల్లో గోధుమకు కుంకుమ తెగులు లేచింది, నెలరోజులు కదల్లేను. లేకపోతే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని.

ఒక దారుంది. మీ చేదు నారింజల కింద గింజ పడి మొలిచిన మొక్కలుంటాయి కదా. పెన్సిలంత లావువి మూడింటిని వేళ్లతో సహా తీసి, బెరడు పోయిన వైపు మొదలుకు ఆనించి నాటండి. వాటి తల ఏటవాలుగా చెక్కి, కుళ్లు తీసిన చోటుకు పైన మంచి బెరడును తలకిందులైన టీ అక్షరంలా కోసి, మొక్క కొనను ఆ బెరడు కిందికి దూర్చి కట్టి మైనం పూయండి. పట్టుకుంటే ఆ మూడు మొక్కలూ కొత్త కాళ్లవుతాయి. వేరు నుంచి పైకి వాటిలోంచి రసం ఎక్కుతుంది. చెట్టు చిగురేస్తున్న ఈ రోజుల్లోనే బెరడు సులువుగా లేస్తుంది. ఆలస్యం చేయొద్దు.

నిజం చెప్పాలంటే మీ ఇద్దరి గురించే భయం. మీ చెయ్యి వణుకుతుంది, నాన్నకు చూపు సరిగా ఆనదు. కోత వెంట్రుకంత లోతు ఎక్కువైతే కొయ్య దెబ్బతింటుంది. వీధిలో అంటుకట్టే వాళ్లెవరైనా ఉంటే పిలవండి.

మీ దలెండా

*

నాబెల్
10 ఏప్రిల్ 1986

దలెండా తల్లీ,

పూలకోత నడుస్తోంది. ఇల్లంతా బట్టీ పొగ, పూల వాసన. అంటుకట్టే వాళ్లందరూ తోటల్లో ఉన్నారు, ఒక్కడూ దొరకలేదు. మొక్కలు నాటేశాం, అవి వాడిపోతాయేమోనని నా బెంగ. చివరికి బహిజా అంటుకత్తి తీసి నేనే కూర్చున్నాను. మొదటి గీత పెట్టబోతే చెయ్యి వణికి కత్తి పక్కకు జారింది. బెరడు మీద చిన్న గాటు పడింది. నీ నాన్న “నాకియ్యి” అన్నాడు. ఆయన కత్తిని చెట్టుకు కాక నా మోకాలికి గురిపెడుతుంటే లాక్కున్నాను.

వసీలా మాకు టీ తెచ్చింది. పళ్లెం ఇటుకల మీద పెట్టి, కాసేపు మమ్మల్ని చూస్తూ నిలబడింది. నీకు తెలుసో తెలియదో, ఆవిడ పెళ్లికూతుళ్ల చొక్కాలకు జరీ కుట్టేది. ఇరవై ఏళ్లు అదే పని.

“ఎంత లోతు కోయాలి అన్నగారూ?” అంది.

నేను నీ నాన్న మొహం చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఇది బహిజా చెట్టు, ఇది బహిజా కత్తి అని ఆ క్షణం నాకు గుర్తురాలేదని చెబితే అబద్ధం. బాగానే గుర్తొచ్చింది. గొంతు దాకా వచ్చింది. కానీ మొక్కలు వాడిపోతున్నాయి తల్లీ. కత్తి ఇచ్చాను.

కూర్చుని, తలగుడ్డ బిగించి, ముందు వేలి కొనతో బెరడంతా తడిమింది. తర్వాత ఒక్క గీత, దానికి అడ్డంగా ఇంకొకటి. బెరడు లేచి వచ్చింది, లోపల కొయ్య మీద గీత కూడా పడలేదు. మొక్క కొన చెక్కి దూర్చింది. నార చుడుతూ, “గట్టిగా లాగనా?” అని అడిగింది.

“గాలి దూరకుండా చాలు. రేపు అది లావెక్కాలి కదా” అన్నాను.

మైనం నేను కాచాను, నీ నాన్న పూశాడు. పట్టుకుంటాయో లేదో నెలన్నర దాటితే గానీ తెలియదు. పట్టుకోకపోనూ వచ్చు. అది నీకు ముందే రాస్తున్నాను, ఇకమీదట నా దగ్గర ఏదీ దాచొద్దని నిన్ను అడుగుతున్నాను కాబట్టి.

మొదటి మొక్క కట్టడం అయ్యాక ఆవిడ కత్తిని తలగుడ్డ చెంగుకు తుడిచి, మడిచి, రెండు చేతులతో నాకు తిరిగి ఇవ్వబోయింది.

“నీ దగ్గరే ఉంచు వసీలా. ఇంకా రెండున్నాయి” అన్నాను.

నీ మామయ్య
తిజానీ